ఎండలో గేదె, లాంతరు కింద పంచె: రంగుల లేత-ముదురు లెక్క నాకు అర్థమైన తీరు

కరెంటు ఇంకా రాని రోజుల్లో పల్నాటి పల్లె ఒకటి తెల్లవారుజాము మొదలు రాత్రి పడకల వేళ దాకా ఎలా ఉండేదో చెప్పే పిల్లల బొమ్మల కథకు రంగులు వేసే పని ఆ మధ్య నాకు వచ్చింది. కథలో పెద్దగా సంఘటనలు లేవు. ఒక తాత, ఆయన కట్టుకున్న ముతక తెల్లపంచె, వాకిట్లో గుంజకు కట్టేసిన గేదె, పసుపు రాసిన గడప, దాని వెనక నీలం రంగు తలుపు, ఊరి చివర కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు, రాత్రికి దూలానికి వేలాడే లాంతరు, ఇవే పేజీ తర్వాత పేజీలో మళ్లీ మళ్లీ వస్తాయి. మారేదల్లా వాటి మీద పడే వెలుతురు. పొద్దుటి మంచులోనూ, మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ, అరుగు నీడలోనూ, మునిమాపు వేళా, లాంతరు కిందా పంచె తెల్లగానే కనిపించాలి, గేదె నల్లగానే కనిపించాలి. అలాగని అన్ని పేజీల్లోనూ అదే తెలుపు, అదే నలుపు వేస్తే పొద్దు కదిలినట్టే ఉండదు. బొమ్మ గీయడం కంటే ఈ షరతును నిలబెట్టడమే నాకు ఎక్కువ పని పెట్టింది.

సంగతి ఎంత దూరం వెళుతుందో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. మన మిట్టమధ్యాహ్నపు ఎండ నేల మీద ఇంచుమించు లక్ష లక్స్ (మీద పడే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురును కుమ్మరిస్తుంది. మామూలు కిరసనాయిలు లాంతరుకు ఒక మీటరు ఎడంలో కూర్చున్న మనిషి మీద పడేది పది లక్స్ లోపే. గేదె చర్మం తన మీద పడిన వెలుతురులో వందకు అయిదు పాళ్లు వెనక్కి పంపుతుందనీ, ఉతికిన పంచె వందకు ఎనభై పాళ్లు పంపుతుందనీ అనుకుందాం. ఆ లెక్కన ఎండలో నిలబడ్డ గేదె నుంచి మన కంటికి చేరే వెలుగు, రాత్రి లాంతరు కింద ఉన్న పంచె నుంచి చేరే వెలుగుకు కొన్ని వందల రెట్లు ఉంటుంది. అయినా ఏ పిల్లవాణ్ని అడిగినా గేదె నల్లనిది, పంచె తెల్లనిది అనే చెబుతాడు. కన్ను తనకు చేరిన వెలుగును ఉన్నదున్నట్టుగా మనకు అప్పజెప్పడం లేదన్నమాట.

కాంతికీ రంగుకూ కొలతలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఒకటి వియన్నాలో ఉంది. ఫ్రెంచి పేరులోని పొడి అక్షరాలను బట్టి దాన్ని సీఐఈ అంటారు. కంటికి ఎంత వెలుగు వస్తోందన్న అనుభవాన్నీ, వస్తువు ఎంత లేతగా ఉందన్న అనుభవాన్నీ ఈ సంస్థ విడివిడిగా నిర్వచించింది. ఒక చోటు నుంచి వెలుగు ఎంత ఎక్కువగా లేదా ఎంత తక్కువగా వస్తున్నట్టు మనకు తోస్తుందో అది బ్రైట్‌నెస్. అదే వెలుతురులో ఉన్న తెల్లని వస్తువుతో పోల్చినప్పుడు ఆ చోటు ఎంత లేతగా, ఎంత ముదురుగా తోస్తుందో అది లైట్‌నెస్. మొదటిది వెలుగు సంగతి, రెండోది వస్తువు సంగతి. పంచె మీద పడే వెలుతురు పొద్దుటి నుంచి రాత్రికి వేల రెట్లు మారినా దాని లేతదనం మారినట్టు మనకు అనిపించదు, ఎందుకంటే పంచెతో పాటు పక్కనున్న గోడా, గుంజా, గేదే అన్నీ అదే పాళ్లలో మసకబారతాయి. ఈ పోలికే నాకు ఆ పుస్తకం పొడుగునా దారి చూపింది.

రంగులు ఎంచుకోవడానికి కూర్చోగానే ఎదురైన చిక్కు మాత్రం కంప్యూటర్‌ది. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్లలో హెచ్‌ఎస్‌బీ అని ఒకటి, హెచ్‌ఎస్‌ఎల్ అని ఒకటి స్లైడర్లు ఉంటాయి. మొదటిదానిలో చివరి అక్షరం బ్రైట్‌నెస్‌కు, రెండోదానిలో లైట్‌నెస్‌కు. పేర్లు చూసి ఇవే ఆ రెండూ అనుకోవడం సహజం. నిజానికి 1978లో వెలుగులోకి వచ్చిన ఈ రెండు పద్ధతులూ అప్పటి కంప్యూటర్లు చకచకా లెక్కకట్టడానికి వీలుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో చేసిన సులువైన ఏర్పాట్లు. ఆ మూడు అంకెల్లో పెద్దదే హెచ్‌ఎస్‌బీలో బ్రైట్‌నెస్. పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తే హెచ్‌ఎస్‌ఎల్‌లో లైట్‌నెస్. ఈ లెక్కలో మనిషి కంటికి చోటే లేదు.

గడపకు వేసిన పచ్చని పసుపునూ, తలుపుకు వేసిన చిక్కటి నీలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. తెర మీద వచ్చే స్వచ్ఛమైన పసుపుకూ, స్వచ్ఛమైన నీలానికీ హెచ్‌ఎస్‌ఎల్ చూపించే లైట్‌నెస్ ఒక్కటే, 50. హెచ్‌ఎస్‌బీ చూపించే బ్రైట్‌నెస్ కూడా ఒక్కటే, 100. కంటి తీరును లెక్కలోకి తీసుకుని సీఐఈ 1976లో ప్రకటించిన ల్యాబ్ పద్ధతిలో చూస్తే ఆ పసుపు లేతదనం 97, నీలానిది 32. ఎరుపు 53 దగ్గరా, ఆకుపచ్చ 88 దగ్గరా ఉంటాయి. ఈ కొలతలో 0 నలుపు, 100 తెలుపు. పసుపు తెల్లకాగితానికి ఒక అడుగు దూరంలో ఉంటే నీలం దాదాపు చీకటికి దగ్గరగా ఉందని దీని అర్థం. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ కాంతిని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. అందుకే మామూలు కంప్యూటర్ తెరలో తెల్లని వెలుగు తయారైనప్పుడు కంటికి అందే వెలుగులో వందకు 72 పాళ్లు ఆకుపచ్చ నుంచి, 21 పాళ్లు ఎరుపు నుంచి వస్తే, నీలం నుంచి వచ్చేది 7 పాళ్లే.

రంగుల బొమ్మను బూడిద రంగులోకి మార్చి లేత-ముదురులను సరిచూసుకోవడం చిత్రకారుల పాత అలవాటే. అయితే ఏ బటన్ నొక్కి మారుస్తున్నామన్నది ముఖ్యం. నేను వాడే క్రితా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రంగు తీసేసే ఫిల్టర్‌కు చాలా పద్ధతులు ఇచ్చారు. అందులో లైట్‌నెస్ అన్న పద్ధతిని ఎంచుకున్నప్పుడు నా పసుపు గడపా, నీలం తలుపూ ఒకే బూడిద రంగుగా మారి, గడప అనేదే బొమ్మలో లేకుండా పోయింది. లూమినాసిటీ అన్న పద్ధతిని ఎంచుకోగానే గడప తెల్లగా, తలుపు నల్లగా విడిపోయాయి. ఫొటోషాప్ వాడే మిత్రులకు నేను చెప్పేది, శాచురేషన్‌ను సున్నాకు లాగే బదులు బొమ్మ మొత్తం మీద ఒక నల్లని లేయర్ వేసి దాని బ్లెండ్ మోడ్‌ను కలర్‌గా మార్చుకోమని. అది కూడా అచ్చంగా కంటి లెక్క కాదు గానీ రోజువారీ పనికి సరిపోతుంది.

తర్వాత మధ్యస్థం ఎక్కడుందన్న ప్రశ్న వచ్చింది. నలుపుకూ తెలుపుకూ సరిగ్గా నడుమ ఉన్నట్టు కంటికి తోచే బూడిద రంగు, తన మీద పడిన వెలుగులో సగాన్ని వెనక్కి పంపుతుందని ఎవరైనా అనుకుంటారు. అది పంపేది వందకు 18 పాళ్లకు కాస్త అటూఇటూ మాత్రమే. ఫొటోగ్రాఫర్ల దగ్గర ఉండే బూడిద రంగు అట్ట ఆ లెక్క మీద తయారైనదే. చీకటి వైపు చిన్న తేడాను కూడా మన కన్ను పెద్దగా చూస్తుంది, వెలుగు వైపు పెద్ద తేడాను కూడా చిన్నగా చూస్తుంది. తెర మీద 0 నుంచి 255 వరకు ఉండే అంకెలను ఈ తీరుకు దగ్గరగానే అమర్చారు కాబట్టి, 128 అంకె దగ్గర తెర నుంచి వచ్చే వెలుగు పూర్తి వెలుగులో వందకు 22 పాళ్లకు మించదు, అయినా అది కంటికి నడిమి బూడిద రంగులాగే ఉంటుంది.

దీన్ని తెర మీద చూసి ఊరుకోకుండా చేత్తో చేసి చూడాలనిపించి, నల్ల పోస్టర్ కలర్ ఒక సీసా, తెల్లది ఒక సీసా తెచ్చుకున్నాను. సమానంగా కలిపితే వచ్చినది బొగ్గుకు దగ్గరగా ఉండే ముదురు బూడిద. నలుపు తెలుపును మింగేస్తుంది. నడిమి మెట్టు రావాలంటే తెలుపు చాలా పోసి, నలుపును కుంచె కొసతో అందుకోవలసి వచ్చింది. అమెరికాలోని బోస్టన్‌లో చిత్రకళ బోధించిన ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రచురించిన పద్ధతిలో ఈ లేత-ముదురుల కొలతకు వాల్యూ అని పేరు పెట్టి, 0 నుంచి 10 వరకు మెట్లు కట్టాడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం కంటికి సమానంగా తోచాలన్నది ఆయన పట్టుదల. అదే తీరులో పదకొండు చదరాల పట్టీ ఒకటి వేసుకుని, ఆరాక అట్టకు అతికించి, తెర పక్కన నిలబెట్టుకున్నాను. అందులో ఏడో చదరం ఎనిమిదికి మరీ దగ్గరగా ఉండేది; దాన్ని గీకి మళ్లీ వేశాను.

ఇక పేజీల ప్రణాళిక. ప్రతి పేజీనీ ముందు అరచేతంత బూడిద రంగు చిత్తుగా వేసి, ఆ వేళకు పంచె ఏ మెట్టులో ఉండాలి, గేదె ఏ మెట్టులో ఉండాలి అన్నది రాసుకున్నాను. ఎండలో పంచెకు ల్యాబ్ కొలతలో 95 ఇస్తే, వెలుగు సగమైనప్పుడు అది 72కు దిగుతుంది, నాలుగో వంతయినప్పుడు 54కు దిగుతుంది. గేదె నలుపు ఎండలో 27 ఉంటే సగం వెలుగులో 18 అవుతుంది. మట్టిగోడ తన మీద పడిన వెలుగులో నాలుగో వంతు వెనక్కి పంపుతుందనుకుంటే ఎండలో దాని లేతదనం 57. ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. తాత అరుగు నీడలో కూర్చున్న పేజీలో ఆయన పంచె 54, పక్కనే ఎండ పడుతున్న మట్టిగోడ 57. లేత-ముదురులో రెండూ ఇంచుమించు ఒక్కటే. అయినా పంచె తెల్లగా, గోడ గోధుమ రంగులో కనిపించాలి.

కాగితం మీద అచ్చు తీసుకుని ఆ రెండు చోట్ల నుంచి బొటనవేలి గోరంత ముక్కలు కత్తిరించి పక్కపక్కన పెట్టి చూశాను. బొమ్మ నుంచి విడిపోయిన క్షణానే పంచె ముక్క మురికి నీలి బూడిదగా, గోడ ముక్క దానికి జతగా కనిపించాయి. కత్తిరించని మరో ప్రతిలో తాత పంచె మాత్రం మల్లెపువ్వులా ఉంది. అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో ప్రచారంలోకి తెచ్చిన గళ్ల బల్ల బొమ్మలో జరిగేదీ ఇదే. స్తంభం నీడలో ఉన్న తెల్లగడీ, నీడ బయట ఉన్న నల్లగడీ సరిగ్గా ఒకే బూడిద రంగు. ఎంత చెప్పినా కన్ను ఒప్పుకోదు. ఇంటర్నెట్‌లో దాన్ని వింతగా పంచుకుంటుంటారు గానీ, బొమ్మలు వేసేవారికి అది రోజూ అక్కరకొచ్చే పనిముట్టు.

ఆ పనిముట్టు పని చేయాలంటే నీడను కన్ను నీడగా గుర్తుపట్టాలి. నీడ గీత దాటిన ప్రతి వస్తువూ ఒకే పాళ్లలో దిగాలి. పందిరి రాట నీడ అరుగు మీదుగా, తాత మోకాలి మీదుగా, అక్కణ్నుంచి నేల మీదికి సాగే చోట ఈ మూడు వస్తువులూ కలిసి దిగితేనే అది నీడ. అరుగు, నేల దిగి పంచె దిగకపోతే పంచె తనంతట తాను వెలుగుతున్నట్టుంటుంది. పంచె ఒక్కటే దిగితే దానికి మసి అంటినట్టుంటుంది. పంచె మడతల్లో నేను ఎక్కువ సేపు గడిపింది ఇందుకే. మడత లోపలి నీడ అంచు మెత్తగా ఉంటే నీడ అనిపిస్తుంది, అంచు గట్టిగా గీసినట్టుంటే అదే రంగు మరక అనిపిస్తుంది. అంకె మారలేదు, అంచు మారింది.

మట్టిగోడ దగ్గర ఇంకో చమత్కారం తెలిసింది. గోధుమ రంగుకు తనదైన కాంతి లేదు. చుట్టూ తనకంటే వెలుగైనవి ఉన్నప్పుడు మసకగా ఉన్న నారింజనే మనం గోధుమ రంగుగా చూస్తాం. గది దీపాలు ఆర్పి, నా గోడ రంగు ఒక్కటే తెర నిండా పరిస్తే అది మసక నారింజగా మారిపోయింది. చుట్టూ తెల్ల అంచు పెట్టగానే మళ్లీ మట్టిగోడ అయింది. అందుకే ఆ పేజీల్లో గోడ పక్కన ఎక్కడో ఒక చోట తెల్ల సున్నపు పట్టీయో, పంచెకొంగో ఉండేలా చూసుకున్నాను.

పసుపు అలా మాట వినదు. ఎండలో గడపకు 82 దగ్గర ఉన్న పసుపును నీడ కోసం 50కి దించితే అది పసుపుగా మిగలదు, పాచిపట్టిన ఆకుపచ్చలా తయారవుతుంది. పసుపు తన నిండు గాఢతను లేతగా ఉన్నప్పుడే చూపిస్తుంది, నీలం ముదురుగా ఉన్నప్పుడు చూపిస్తుంది. మన్సెల్ తన రంగుల వరుసలను సమమైన గోళంలో ఇరికించలేక ఎగుడుదిగుడు చెట్టులాంటి ఆకారంలో పేర్చవలసి రావడానికి కారణం ఇదే. నీడలో గడపను నారింజ వైపు కొద్దిగా జరిపాక గాని అది రాసిన పసుపులా అనిపించలేదు. స్లైడర్‌లో రంగును కదపకుండా వెలుగును మాత్రమే తగ్గించడం నీడ వేయడం అవుతుందని చాలా పాఠాలు చెబుతాయి. పసుపు విషయంలో ఆ మాట నిలవదు.

బూడిద రంగు పరీక్షకు కూడా హద్దుందని మిరపకాయల కళ్లం పేజీ చెప్పింది. ఎండిన కాయల ఎరుపు 42 దగ్గర, కింద ఉన్న నేల కూడా దాదాపు అక్కడే. బూడిదలోకి మారిస్తే కుప్పలన్నీ నేలలో కలిసిపోయి, ఏమీ లేని మైదానంలో ఆడవాళ్లు వంగి కూర్చున్నట్టుంది. రంగుల్లోకి తిరిగి వస్తే కుప్పలు మంటల్లా ఉన్నాయి. ఒకే లేతదనం ఉన్న రెండింటిలో గాఢమైన రంగు ఉన్నది ఎక్కువ వెలుగుతున్నట్టు కంటికి తోస్తుంది. ఈ సంగతిని గమనించిన ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞుల పేరు మీదుగా దాన్ని హెల్మ్‌హోల్ట్జ్-కోల్‌రౌష్ ప్రభావం అంటారు. ల్యాబ్ కొలత దీన్ని పట్టించుకోదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో వేసిన రేవు ఉదయ దృశ్యంలో నారింజ సూర్యుడూ వెనక ఉన్న బూడిద ఆకాశమూ లేత-ముదురులో దాదాపు సమానమని హార్వర్డ్ నాడీశాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ వివరించింది. ఆ సూర్యుడు అదురుతున్నట్టు కనిపించడం అందువల్లనే.

కాబట్టి కుప్పలను నేల నుంచి విడదీయడానికి ఎరుపును లేత చేయలేదు. అలా చేస్తే మిరప రంగు పోయి గులాబీ వస్తుంది. గుంటూరు వైపు కళ్లాల్లో కూలీలు ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటారు. ఆ తాలుకాయలను కుప్పల అంచుల వెంట అక్కడక్కడా చల్లాను. వాటి పాలిపోయిన రంగు 75 దగ్గర ఉంటుంది కాబట్టి బూడిదలో చూసినా కుప్ప ఆకారం నిలబడింది, రంగులో చూస్తే ఎరుపు అదురూ పోలేదు. ఈ పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పరిష్కారం ఇదే.

మునిమాపు పేజీలో వాకిట్లో మందారచెట్టు ఉంది. పగటి పూట పువ్వు ఆకుల కంటే ముందు కంటపడుతుంది. చీకటి పడే వేళ వరుస తిరగబడుతుంది: పువ్వు ముందు నల్లబడుతుంది, ఆకులు ఇంకాసేపు తేలికగా కనిపిస్తాయి. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కినే పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలోనే దీన్ని గమనించి రాశాడు. వెలుతురు బాగా తగ్గినప్పుడు చూసే పని కంటిలోని వేరే కణాలకు మారుతుంది. వాటికి 507 నానోమీటర్ల దగ్గరి నీలి పచ్చ కాంతి బాగా పడుతుంది, ఎరుపు దాదాపు కనిపించదు. అందుకని ఆ పేజీలో మందారాలను ఆకుల కంటే రెండు మెట్లు ముదురు చేశాను. ఊళ్లో పెరిగిన పెద్దవాళ్లు దాన్ని చూసి సరేనన్నారు, పట్నంలో పెరిగినవాళ్లు పూలు ఎందుకు వాడిపోయాయని అడిగారు.

రాత్రి పేజీ దగ్గర వ్యవహారం మళ్లీ వెలుగు వైపు, అంటే బ్రైట్‌నెస్ వైపు తిరిగింది. లాంతరు మంట వస్తువు కాదు, వెలుగు. కాగితం వెలగలేదు. అచ్చులో అన్నిటికంటే లేతది కాగితపు తెలుపే, దాని లేతదనం 95కు దగ్గర. అన్నిటికంటే ముదురుది మంచి ఆర్ట్ పేపర్ మీద వేసిన నల్లసిరా, అది సుమారు 16. ఈ రెంటి మధ్యనే మంటా, చీకటీ ఇమడాలి. మొదట వేసిన చిత్తును పక్కింటి పాప చూసి, లాంతరు ఉంది గానీ వెలిగించలేదేమని అడిగింది. మంటకు అప్పటికే కాగితపు తెలుపే ఇచ్చాను, అంతకంటే లేతది లేదు. కాబట్టి మిగతావన్నీ దిగాలి. గోడను 40కి, మూలలను 22కి, లాంతరుకు దగ్గరగా ఉన్న పంచెను 62కి దించి, మంటకు తప్ప ఇంకెక్కడా 70 దాటకుండా కట్టడి చేశాను. మంట చుట్టూ అంచు లేకుండా మెల్లగా తగ్గే పసుపు నారింజ వలయం వేశాను. మంట నడుమ రంగు లేని తెలుపు, అంచుల్లో గాఢమైన పసుపు. ఆ వలయం తీసేస్తే మంట తెల్లకాగితం ముక్కలా ఉంటుంది, పెడితే వెలుగుతుంది. పాప ఈసారి దూలానికి మసి పడుతుందేమోనని అడిగింది.

లాంతరు వెలుగులో నీలం చాలా తక్కువ. అందుకని నీలం తలుపు దాదాపు నల్లగా మారిపోయింది, పసుపు గడపా తెల్లపంచే ఒకదానికొకటి దగ్గరయ్యాయి. గుమ్మం బయట ఆకాశాన్ని ముదురు నీలం నుంచి లేత నీలానికి పలచబరుస్తుంటే ల్యాబ్ లెక్కలో నడుమ ఎక్కడో ఊదా రంగు వచ్చి చేరింది. ఇది ఆ పద్ధతికి తెలిసిన లోపమే. బ్యోర్న్ ఒట్టోసన్ అనే ప్రోగ్రామర్ 2020 డిసెంబరులో ప్రకటించిన ఓకేల్యాబ్ పద్ధతిలో లెక్కకట్టి అవే రెండు కొసలనూ కలిపితే నీలం నీలంగానే సాగింది. ఇప్పుడు ఇలాంటి మార్పులన్నిటికీ దాన్నే వాడుతున్నాను.

అన్నీ కుదిరాయనుకున్నాక తెర సంగతి చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌ను పూర్తి వెలుగులో పెట్టి వేసిన బొమ్మ అచ్చులో చీకటి గుయ్యారంగా వస్తుంది. అచ్చు పనులు చేసేవారు తెర వెలుగును చదరపు మీటరుకు సుమారు 120 క్యాండెలాల దగ్గరికి తగ్గించుకుంటారు. కొలిచే యంత్రం లేనప్పుడు, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన గది వెలుతురులో నిజమైన తెల్లకాగితం పట్టుకుని, రెండూ ఒకేలా అనిపించేదాకా తెరను తగ్గిస్తే చాలావరకు సరిపోతుంది. నేను అలాగే చేశాను.

ప్రచురించేవారు చివరికి ఖర్చు కలిసి రావడానికి ఆర్ట్ పేపర్ కాదని మ్యాప్‌లిథో కాగితం ఖాయం చేశారు. ఆ కాగితం సిరాను పీల్చుకుంటుంది. నల్లసిరా దాని మీద 16కు దిగదు, 30 దగ్గరే ఆగిపోతుంది. అచ్చులో రంగు పడే సన్నటి సిరా చుక్కలు విచ్చుకుని నడిమి రంగులు ఇంకాస్త ముదురవుతాయి. అంటే రాత్రి పేజీకి నేను కట్టిన మెట్లలో కింది రెండు మూడు మెట్లు ఆ కాగితం మీద లేనే లేవు. చీకటిని ఇంకా ముదురు చేసే వీలు లేదు కాబట్టి చీకట్లో ఉన్న మెట్ల సంఖ్యను తగ్గించాను. మూలనున్న కుండలు, ఉట్టి, గోడకు తగిలించిన చేట, ఇవన్నీ ఒకే ముదురులో కలిసిపోయాయి. గోడను 50కి, పంచెను 70కి లేపి, మంట చుట్టూ వలయాన్ని కాస్త వెడల్పు చేశాను. అరుగు నీడ పేజీలో మాత్రం పెద్దగా మార్పు అవసరం పడలేదు, ఎందుకంటే అందులో ఉన్నవన్నీ కొలతకు నడుమనే తిరుగుతున్నాయి.

ఇప్పుడు చేతిలో ఉన్న కొత్త పుస్తకానికి రంగుల మాట ఇంకా ఎత్తలేదు. ఏ కాగితం వాడబోతున్నారో ముందు అడిగి, ఆ కాగితం మీదే, ఆ ప్రెస్సులోనే, వేరే పని ప్లేటులో మిగిలిన అంచు జాగాలో పదకొండు మెట్ల బూడిద రంగు పట్టీ ఒకటి అచ్చు వేయించుకున్నాను. కింది మూడు చదరాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి. పైవాటిలో ఏడూ ఎనిమిదీ బాగానే విడిపోయాయి. చిత్తు బొమ్మలన్నీ ఆ పట్టీలో విడివిడిగా కనిపించే ఎనిమిది మెట్లతోనే వేస్తున్నాను.